బేషెన్ తెంపని తాడు

కొచ్కోర్ చుట్టుపక్కల గుర్రాలకు కాలిబందాలు వేయడంలో బేషెన్‌ని మించినవాడు లేడు. ముందుకాళ్లు రెండూ కలిపి అతను వేసిన బందం గుర్రాన్ని నొప్పించదు, మేతకు అడ్డం రాదు, కానీ కొండ దాటనివ్వదు. పొద్దున్నే లేచి చూస్తే గుర్రం ఉండాల్సిన చోటే ఉంటుంది. పక్క ఊళ్లవాళ్లు కూడా తోలు పట్టీలు తెచ్చి అతని చేత బందాలు అల్లించుకుపోయేవారు. గుర్రాల గురించి కదిపితే పొద్దు గూకేదాకా మాట్లాడతాడు. మనుషుల గురించి అడిగితే మాత్రం నెత్తిమీది కల్పక్ టోపీ సర్దుకుని, గాలి ఎటు వీస్తోందో చూస్తాడు.

అలాంటివాడి ఒక్కగానొక్క కూతురు జిబెక్‌కి నేల మీద కాలు నిలవదు. గడప తట్టుకుని పడుతుంది. టీ పళ్లెంతో వస్తూ తివాచీ అంచు తట్టుకుని పడుతుంది. బడిలో బహుమతి అందుకుని, మెట్లు దిగుతూ బహుమతితో సహా పడింది. అలాగని చూపు తక్కువ పిల్ల కాదు, నీరసం మనిషీ కాదు. గుర్రమెక్కితే మగపిల్లలు దాని వెనక దుమ్ము మింగాల్సిందే. నేల మీదకి దిగితేనే వచ్చేది తంటా. ఊళ్లో ఆడవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించలేదు. "తాడు తెంపని పిల్ల, పడక ఏం చేస్తుంది?" అనేవారు.

బిడ్డ తప్పటడుగులు వేసే రోజుల్లో నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడు కాళ్లకు చుట్టి నిలబెడతారు. పిల్లలందరూ దూరం నుంచి పరుగున వస్తారు. ముందొచ్చినవాళ్ల చేతికి కత్తి ఇస్తే తాడు తెంపుతారు. తెంపినవాళ్ల చురుకుదనమే బిడ్డకు వస్తుందని నమ్మకం. ఆ తర్వాత పెద్దవాళ్లు బిడ్డను చెయ్యిపట్టి నాలుగడుగులు నడిపిస్తారు. ఎంత లేనివాళ్లయినా ఓ గొర్రెను కోసి ఈ ముచ్చట తీర్చుకుంటారు. జిబెక్‌కి మాత్రం తీరలేదు. అది గోడ పట్టుకుని నిలబడే రోజుల్లోనే దాని తల్లి అనార్కుల్ జబ్బు చేసి పోయింది.

మొదటి ఏడు మైల కనుక ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు వేసవి బీళ్ల నుంచి మందలు దిగాక చేద్దామన్నాడు బేషెన్. దిగాక, గడ్డికోతలు కానిమ్మన్నాడు. కోతలయ్యాక చలి ముదిరిందన్నాడు. పిల్లను పెంచి పెద్దచేసింది అతని అక్క కాలిచా. విధవరాలు, అదే వాకిట్లో పక్క ఇల్లు. గొర్రెను అదిలించినా మనిషిని అదిలించినా ఆవిడది ఒకటే గొంతు.

"పిల్ల పరుగులు పెడతా ఉంది, ఇంకెప్పుడు తెంపుతావురా?" అని ఏటా అడిగేది.

"తెంపుదాంలే అక్కా" అని ఏటా అనేవాడు.

అలా అలా ఆ వయసే దాటిపోయింది. జిబెక్ బడి చదువు ముగించింది. దేశమంతటికీ కలిపి పెట్టే పరీక్ష రాసింది. మంచి మార్కులే వచ్చాయి కానీ సర్కారు ఖర్చుతో చదివించేంతగా రాలేదు. ఏ కాలేజీలో చేరినా డబ్బు కట్టుకోవాల్సిందే. ఆ కబురు తెలిసిన రోజు ముగ్గురూ టీకి కూర్చున్నప్పుడు జిబెక్ మనసులో మాట బయటపెట్టింది. రాజధాని బిష్కెక్ వెళ్లి భూగర్భశాస్త్రం చదువుతానంది.

"అంటే?"

"రాళ్ల గురించి నాన్నా. కొండలు ఎట్టా పుట్టాయి, లోపల ఏముంది..."

"రాళ్ల చదువా!" బేషెన్ టీ గిన్నె కింద పెట్టాడు. "మనకి రాళ్లకేం కరువొచ్చిందే? వాకిట్లో కూర్చుని కావలసినన్ని చదువుకో. డబ్బు కూడా అడగరు."

"వాటి పేర్లు తెలియొద్దూ?"

"తెలిస్తే? పిలవంగానే లేచొస్తాయా?"

"నువ్వు పిలిస్తే మనుషులే పలకరు, రాళ్లదాకా ఎందుకు పోతావు" అంది కాలిచా, మేనకోడలి గిన్నెలో మీగడ వేస్తూ.

బేషెన్ మనసు నారిన్ మీద ఉంది. అక్కడ పంతులమ్మల కాలేజీ ఉంది. హాస్టల్ చూసుకునే ఆవిడ అతనికి వదిన వరస. కారెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. వారం వారం వచ్చి పోవచ్చు. ఇవన్నీ చెప్పాడు. గుర్రాల గురించి తప్ప అతను ఒక్క ఊపున అంత మాట్లాడటం కాలిచా ఎప్పుడూ వినలేదు.

జిబెక్ అంతా విని, "నాన్నా, నువ్వు ఎప్పుడన్నా చూడకుండా గుర్రాన్ని కొన్నావా?" అని అడిగింది.

"నాకేమన్నా పిచ్చా?"

"అయితే రెండు కాలేజీలూ చూద్దాం. చూశాక నువ్వు ఎటంటే అటే. నేను మళ్లీ నోరెత్తను."

బేషెన్‌కి ప్రాణం లేచొచ్చింది. మాటిస్తే తప్పే పిల్ల కాదది. బిష్కెక్ వెళతాడు, చూస్తాడు, ఏదో ఒక వంక దొరక్కపోదు. గుర్రంలోనే లోపం పట్టగలిగినవాడికి కాలేజీలో పట్టడం ఒక లెక్కా?

కట్టాల్సిన డబ్బు జిబెక్ గుర్రాల్లోనే ఉంది. అది పుట్టినప్పుడు దాని మేనమామ ఓ ఆడ గుర్రప్పిల్లను తోలుకొచ్చి దాని పేరున వదిలాడు. ఆ పిల్ల పెరిగి, ఈని, దాని పిల్లలు ఈని, ఇప్పుడో చిన్న మంద అయింది. వాటిలో ఏవి అమ్మాలో జిబెక్కే తేల్చింది. ముసలి తల్లి గుర్రాన్ని మాత్రం ముట్టుకోవద్దంది. శనివారం సంతలో బేరం కుదిరాక, కొన్నవాడికి అప్పగించే ముందు బేషెన్ వంగి వాటి కాలిబందాలు విప్పుకున్నాడు. గుర్రాన్ని అమ్మినా బందం అమ్మకూడదు, ఇంటి అదృష్టం దాంతో పోతుందంటారు. ఆ బందాలు భుజాన వేసుకుని, డబ్బు కోటు లోపలి జేబులో పెట్టుకుని, సంతంతా దాటి వచ్చేదాకా అతను వెనక్కి తిరిగి చూడలేదు.

ముందు నారిన్ వెళ్లారు. వదిన మాంసం వండింది, హాస్టల్ చూపించింది, జిబెక్ బుగ్గలు పుణికి "మన పిల్ల" అంది. బేషెన్‌కి అన్నీ నచ్చాయి. నల్లబల్ల నచ్చింది, కిటికీలోంచి కనిపించే ఏరు నచ్చింది, చివరికి కాపలా కుక్క కూడా నచ్చింది. జిబెక్ అన్నిటికీ "బావుంది" అంది. వంగి ఒక్క రాయి కూడా తీసుకోలేదు. ఆ సంగతి బేషెన్ గమనించాడు, గమనించనట్టు ఉండిపోయాడు.

బిష్కెక్ బయల్దేరే రోజు కాలిచా ఓ సంచిలో బోర్సోకులు వేయించి పెట్టింది. పొంగిన పిండిముక్కల కమ్మటి వాసన వాకిలంతా నిండింది. అక్కడ తలుపు తీసినవాళ్లకి ఇమ్మని గాజు జాడీ నిండా పులిసిన గుర్రప్పాల కుమిస్ పోసింది. పరాయి గుమ్మంలోకి ఉత్త చేతులతో వెళ్లడమేమిటి? జిబెక్ కారెక్కాక, తమ్ముణ్ణి పక్కకి పిలిచి తలగుడ్డ అంచు ముడి విప్పి ఏదో అతని చేతిలో పెట్టింది. నల్లా తెలుపూ కలిసిన ఉన్ని తాడు.

"అనార్కుల్ పేనింది. దిండుకి ఆనుకుని, దగ్గు మధ్యలో. పిల్ల గోడ పట్టుకుని నిలబడిందని చెప్పంగానే ఉన్ని తెమ్మంది."

ఆ తాడు ఇంకా ఉందని బేషెన్‌కి తెలియదు.

"నువ్వు ఏ కాలేజీలో వేస్తావో నీ ఇష్టం. నేను అడ్డం రాను" అంది కాలిచా. "కానీ దీన్ని మళ్లా ఇట్టాగే తెచ్చావనుకో, నా గడప తొక్కమాక."

అతను దాన్ని కోటు జేబులో కుక్కుకున్నాడు. కనుమలో కారు పోతున్నంతసేపూ జిబెక్ కిటికీకి అతుక్కుపోయి "ఆ ఎర్రపొర చూడు నాన్నా, దాని మీద ఆ పచ్చది చూడు" అంటూనే ఉంది. బేషెన్ కొండల వైపు చూడకుండా ఏటి ఒడ్డున మేస్తున్న గుర్రాలను చూస్తూ కూర్చున్నాడు. ఏ గుర్రానికీ సరైన బందం లేదనిపించింది.

కాలేజీ గేటు దగ్గర కుర్ర కాపలావాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని, "రండి అక్సకాల్" అన్నాడు. తెల్లగడ్డం పెద్దాయనా అని.

"నా గడ్డం ఎక్కడ తెల్లబడిందిరా?" అన్నాడు బేషెన్.

"ఆడపిల్లని చేర్పించడానికి వచ్చారుగా. వెళ్లేటప్పటికి తెల్లబడుతుంది" అన్నాడు వాడు నవ్వుతూ.

ఇదొక వంక. గుర్తుపెట్టుకున్నాడు.

ముందు హాస్టల్ చూస్తానన్నాడు. మంచం ఊపి చూశాడు, గట్టిగానే ఉంది. కుళాయి తిప్పాడు, నీళ్లు వచ్చాయి. కిటికీ గడియ లాగాడు, బిగువుగా పడింది. వంటగదిలో చారు వాసన చూశాడు, గొర్రె మాంసం మంచిదే. హాస్టల్ చూసుకునే పెద్దావిడ అతని వెనకే నడుస్తోంది.

"రాత్రిపూట తలుపు ఎవరు వేస్తారు?" అన్నాడు.

"నేనే."

"మీరు నిద్రపోతే?"

"ఇంతమంది ఆడపిల్లల్ని పెట్టుకుని నిద్రపోవడం కూడానా! నేను కన్ను మూసి ఎన్నేళ్లయిందో నా మొహం చూస్తే తెలియట్లా?"

చూశాడు. తెలిసింది. ఇక్కడా ఏమీ దొరకలేదు.

తర్వాత రాళ్ల గదికి వెళ్లారు. గోడల నిండా అద్దాల బీరువాలు, వాటి నిండా రాళ్లు. సాలికా అనే పంతులమ్మ వచ్చి కుమిస్ జాడీ చూసి సంబరపడింది, వెళ్లేముందు అందరం తాగుదామంది. జిబెక్ జేబులోంచి వేసవి బీట్లో ఏరుకున్న ఓ ఆకుపచ్చ రాయి తీసి, సిగ్గుపడుతూ ఆవిడ చేతిలో పెట్టింది. సాలికా దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. ఆ తర్వాత నాలుక బయటపెట్టి నాకింది.

బేషెన్ నిర్ఘాంతపోయాడు. జిబెక్‌కి చిన్నప్పటినుంచీ ఇదే జబ్బు. ఏ రాయి దొరికినా నాకి చూసేది. మందలోని జబ్బులు అంటుకుంటాయని, నోట్లో పురుగులు పడతాయని ఎన్నిసార్లు వీపు చరిచాడో లెక్కలేదు.

"తడిస్తే రంగు తేలుతుంది" అంది సాలికా, రాయిని జిబెక్‌కి తిరిగిస్తూ. "ఇప్పుడు చెప్పు, ఏంటిది?"

జిబెక్ కూడా నాకింది. తండ్రివైపు దొంగచూపు చూసింది. ఏదో పేరు చెప్పింది.

"కాదు" అంది సాలికా. ఎందుకు కాదో చెప్పింది. బీరువాలోంచి మరో రాయి తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ తలలు ఆనించి చూస్తున్నారు. తప్పు చెప్పినందుకు జిబెక్ చిన్నబుచ్చుకోలేదు. పగలబడి నవ్వింది. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా కదిలేలా నవ్వింది. అనార్కుల్ అచ్చం అలాగే నవ్వేది. ఆ నవ్వు తన ఇంట్లో విని ఎన్నాళ్లయిందో బేషెన్‌కి గుర్తులేదు. నా పిల్ల వీళ్ల మనిషి అనుకున్నాడు. అనుకోగానే కోటు జేబులోని డబ్బు మూట తడుముకున్నాడు.

డబ్బు కట్టే గది పక్క భవనంలో, మెట్లెక్కితే ఉంది. ఆ వారంలోగా కట్టాలన్నారు. బేషెన్ ఇంకా ఔననలేదు, కాదనలేదు. తాగడానికి గిన్నెలు తెస్తానని సాలికా వెళ్లింది. జాడీ పట్టుకుని జిబెక్ మెట్ల వైపు నడిచింది. నడుస్తూ నడుస్తూ రాళ్ల గది కిటికీ వైపు వెనక్కి తిరిగి చూసింది. అంతే. కాలు మెట్టుకి తగిలి బోర్లా పడింది. జాడీ భళ్లున పగిలి కుమిస్ మెట్లమీద తెల్లగా పారింది. ఆవరణలో ఉన్న కుర్రాళ్లు, అమ్మాయిలు పరుగెత్తుకొచ్చారు. మోకాలు గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు.

బేషెన్‌కి వెతుకుతున్న వంక దొరికింది.

"చాలు. పద ఇంటికి" అన్నాడు. "గుమ్మంలోనే తెల్లటిది నేలపాలైంది. ఈ చోటు మనకి అచ్చిరాదు."

జిబెక్ అతని మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. పోట్లాడితే ఏం చెప్పాలో కూడా కూడబలుక్కున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు, పోట్లాడలేదు.

"సరే నాన్నా. నువ్వు ఎటంటే అటే అన్నానుగా" అంది. "నారిన్ కూడా మంచిదే." కింద కూర్చుని గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టింది.

బేషెన్ తను అనుకున్నది సాధించాడు. కానీ కళ్లు ఆ వంగిన వీపు మీదే ఆగిపోయాయి. కొన్ని గుర్రాలు బందం వేయగానే గింజుకుంటాయి. మంచి గుర్రం గింజుకోదు, తల వంచుకుని అందినంతమేరే మేస్తుంది. ఇన్నాళ్లూ అలాంటి గుర్రాలంటేనే అతనికి ఇష్టం.

"ఒక్కటి అడగనా?" అంది జిబెక్, పెంకులు ఏరుతూనే. "నాకు తాడెందుకు తెంపలేదు నాన్నా? అమ్మ పోయిందనా? ఆ తర్వాతైనా తెంపొచ్చుగా. ఊరంతా అడుగుతారు. నేనే ఎప్పుడూ అడగలేదు."

బేషెన్ కల్పక్ సర్దుకున్నాడు. గాలి ఎటు వీస్తోందో చూశాడు. ఈసారి అది పని చేయలేదు. మెల్లగా మెట్టు మీద, కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"బందం తీస్తే గుర్రం పోద్ది గదే" అన్నాడు. "మీ అమ్మ పోయింది. ఇక మిగిలింది నువ్వొక్కదానివి. అందరూ వచ్చి, మాంసం తిని, నీ తాడు తెంపి, ఇక పోవే అని నిన్ను దారిలో పెడతారనిపించింది. ఈ ఏడు వద్దులే, పై ఏడు చూద్దాంలే అనుకున్నా. అంతే. నాకు భయమేసింది తల్లీ."

"నేను గుర్రాన్నా నాన్నా?" అంది జిబెక్. నవ్వబోయింది కానీ కళ్లు నిండిపోయాయి.

"గుర్రం నయం. దానికి ఏం కావాలో నాకు తెలుస్తుంది."

జేబులో చెయ్యి పెట్టాడు. తాడు తీశాడు. జిబెక్‌కి అదేమిటో చెప్పనక్కర్లేకపోయింది. అందరి ఇళ్లలో చూసిందే. తనకి తప్ప అందరికీ కట్టగా చూసిందే.

"మీ అమ్మ పేనింది" అన్నాడు. "నిలబడు."

"ఇక్కడా! నాన్నా, అందరూ చూస్తున్నారు!"

"చూడాలి. ఇది చాటుగా చేసే పని కాదు."

మోకాళ్ల మీద వంగి, పెళ్లీడుకొచ్చిన కూతురి కాళ్లకి బూట్ల పైన తాడు చుట్టాడు. కళ్లు మూసుకుని వేల బందాలు వేసిన చేతులు ఇప్పుడు ఒక్క ముడిని రెండుసార్లు విప్పి కట్టాయి. లేచి ఆవరణ వైపు తిరిగి, మంద వెనకనుంచి కేకేసే గొంతుతో అరిచాడు.

"పిల్లల్లారా! ఎవరు పరిగెడతారు?"

చుట్టూ నవ్వులు. "బిడ్డ ఎక్కడ అక్సకాల్?" అన్నాడు ఓ పొడుగు కుర్రాడు.

"ఇదిగో. కాస్త ఆలస్యమైంది. తప్పు నాది, దానిది కాదు."

నవ్వులు ఆగిపోయాయి. ఓ అమ్మాయి పుస్తకాల సంచి కింద పెట్టి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకో నలుగురు. కాపలా కుర్రాడు కుర్చీ వదిలేసి వరసలో చేరాడు. గిన్నెలతో తిరిగొచ్చిన సాలికా వాటిని గట్టుమీద పెట్టి, "ఆగండి, నేనొక్క కేక వేస్తే బయల్దేరాలి. ముందే కదిలినవాళ్లని పరీక్షలో తప్పిస్తాను!" అంది.

కేక వేసింది. పరుగెత్తారు. ఆవరణంతా అరుపులు, ఈలలు. హాస్టల్ కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ముందొచ్చింది హాస్టల్ చెప్పులతో పరిగెత్తిన ఓ పొట్టి పిల్ల. మీరిమ్ అట పేరు, రెండో ఏడు చదువుతోంది. ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది. బేషెన్ మొలలోని కొమ్ముపిడి కత్తి తీసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు. రొప్పుతూనే వంగి తాడు మీద కత్తి ఆడించింది. తెగలేదు. మళ్లీ ఆడించింది.

"ఎవరు పేనారండీ ఇది? ఇంత గట్టిగా ఉంది!"

"వాళ్లమ్మ" అన్నాడు బేషెన్.

అతను కూడా వంగి, ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి లాగారు. తాడు తెగింది.

అందరూ ఒక్కసారిగా అరిచారు. బోర్సోకుల సంచి విప్పి గుప్పిళ్లతో పంచాడు. కత్తి మీరిమ్‌నే ఉంచుకోమన్నాడు. ఇక మిగిలింది బిడ్డను చెయ్యిపట్టి నడిపించడం. చెయ్యి చాపాడు కూడా. అంతలో ఏదో తోచి, ఆ చేత్తోనే లోపలి జేబులోని డబ్బు మూట తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నీ గుర్రాలు, నీ చదువు. నువ్వే వెళ్లి కట్టు."

"నువ్వు రావా?"

"ఇక్కడే ఉంటా."

జిబెక్ మూటని రెండు చేతులా గుండెకి హత్తుకుని మెట్లెక్కింది. ఒకటి, రెండు. మూడో మెట్టు దగ్గర కాలు మళ్లీ తడబడింది. బేషెన్ కాళ్లు అతనికి చెప్పకుండానే ముందుకు దూకబోయాయి. పళ్ల బిగువున ఆపుకున్నాడు. జిబెక్ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. వెనక్కి తిరిగింది.

"పడలేదు నాన్నా!" అని అరిచింది, వాళ్లమ్మలా తల వాల్చి నవ్వుతూ.

"చూశాలే. పో" అన్నాడు బేషెన్, తెగిన తాడు గుప్పిట్లో పట్టుకుని, ఉన్నచోటు నుంచి కదలకుండా.